మిరుగం నాటి బొచ్చె తలకాయ

5 జనవరి, ఆదివారం

ఇది నూలు సేటు కొత్త ఏడాదికి ఇచ్చిన డైరీ. ఏటా సత్యవ్వ తీసుకుని ముగ్గులు వేసుకుంటుంది. ఈసారి నేను లాక్కున్నాను. "సాంచాల కాడ స్క్రూలు బిగించెటోనికి డైరీ ఎందుకయ్యా?" అంది. పెళ్లాం మాటలకు జవాబు చెప్పుకుంటూ పోతే సిరిసిల్లలో ఒక్క సాంచా, ఒక్క మరమగ్గం నడవదు.

గాలం వేసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో శ్రీహరి ఒక పని పెట్టాడు. "పోయినేడాది మీకు బాగ యాదున్న చేపల ముచ్చట్లు పెట్టుండ్రి, ఫోటోలతోని" అని. పొద్దుటి నుంచి ఫోన్ ఊరుకోవడం లేదు. ఒకడు కొర్రమట్టను ఎత్తుకుని నిలబడ్డాడు, ఇంకొకడు వాలుగను భుజాన వేసుకున్నాడు. నేనూ వెతికాను. నా ఫోన్‌లో ఉన్న మంచి ఫోటోలన్నిటిలో ఒక మనిషి ఉన్నాడు. చేప నా చేతిలో ఉంటే, ఫోటో తీసిన అతని నీడ చేప మీద పడి ఉంది. అందుకే గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఇక్కడ రాసుకుంటాను. డైరీలో ఫోటోల బాధ లేదు.

ఆ మనిషి నా తోడల్లుడు. సత్యవ్వ చెల్లెలు ఉమారాణి మొగుడు. కోరుట్లలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. పేరు రాయను. పోయిన జూన్ నుంచి మాకు మాటల్లేవు. తప్పు వాళ్లది. ఒక్క ఫోన్ చేస్తే కరిగిపోయేవాడిని, నేను మరీ అంత మొండివాడిని కాను. చేయలేదు. జులైలో మళ్లీ మస్కట్ పోయాడట, అది కూడా సత్యవ్వ చెబితే తెలిసింది. పోయేముందు అన్నకు ఒక మాట చెప్పాలని లేదు. పోతే పోయాడు. ఈ డైరీ చేపల గురించే.

6 జనవరి

అతని నంబరు పోయిన ఆగస్టులోనే ఫోన్‌లోంచి తీసేశాను. నోటికి వచ్చు, అది వేరే సంగతి.

12 జనవరి, ఆదివారం

మొదటి ముచ్చట. పోయిన ఫిబ్రవరి, వరద కాలువ.

కథలాపూర్ దాటాక వంతెన ఉంది. ఆదివారం ఆదివారం అక్కడ కలిసేవాళ్లం. నేను వేములవాడ మీదుగా బస్సులో పోయేవాడిని, అతను కోరుట్ల నుంచి బండి మీద వచ్చేవాడు. దూరం నాకే ఎక్కువ. పెద్దవాడిని నేను, ఎక్కువ దూరం పోయేదీ నేనే. అప్పుడే ఆలోచించుకోవలసింది. చేపలు పట్టాక ఇద్దరం కోరుట్లలో మా అత్త చిన్నవ్వ ఇంటికి పోయి తినేవాళ్లం. ఎవరి చేప చిన్నదైతే వాళ్లు బండి తోలాలి, గెలిచినవాడు వెనక సేటులాగా కూర్చోవాలి. అదీ మా పందెం.

ఆ రోజు నా గాలానికి బొచ్చె పడింది. పడీ పడగానే వంతెన స్తంభం చుట్టూ తిరిగింది. దారం స్తంభానికి చుట్టుకుంది. గుంజితే తెగుతుంది, వదిలితే పోతుంది.

"అన్నా, ఇడువకు! గుంజకు! ఇడువకు!"

"రెండిట్ల ఏదన్న ఒక్కటి చెప్పురా!"

చెప్పలేదు, దూకాడు. బుగ్గలో గుట్కా, ఒంటి మీద అంగీ, జేబులో ఫోన్, అన్నిటితో సహా దూకాడు. ఛాతీ లోతు నీళ్లలో స్తంభం చుట్టూ తిరిగి, దారం విడదీసి, చేపను మొప్పల దగ్గర పట్టుకుని ఎత్తాడు. ఫోన్లు బాగుచేసేవాడి ఫోన్ మూడు రోజులు బియ్యం డబ్బాలో ఉంది. నేను గెలిచాను కాబట్టి ఆ తడి బట్టలతోనే నన్ను వెనక కూర్చోబెట్టుకుని కోరుట్ల దాకా బండి తోలాడు. దారంతా తుమ్ములు. ప్రతి తుమ్ముకూ బండి పక్కకు పోయేది. నేను నవ్వీ నవ్వీ పడబోయాను. జలపతి అంటే అంత పిచ్చి మనిషి.

పేరు రాసేశాను. కొట్టేస్తే కాగితం చినుగుతుంది, ఉండనీ.

19 జనవరి, ఆదివారం

తప్పెవరిదో రాసి పెట్టడం మంచిది. రేపు ఎవరైనా నన్నే అంటారు.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె వచ్చిన రోజు, ఊరంతా చేపలు తింటుంది, మా అత్తగారింట్లో బొచ్చె చేప పులుసు పెడతారు. ఆ బొచ్చె తలకాయ పెద్దల్లుడికి. మా మామ బతికున్నప్పుడు పెట్టిన పద్ధతి. నా పెళ్లయినప్పటి నుంచి ప్రతి మిరుగానికీ తలకాయ నా పళ్లెంలోనే పడింది. నేను నిదానంగా తింటాను. బుగ్గల కండ ముందు, తర్వాత పెదాలు, తర్వాత లోపలిది జుర్రుకోవడం. మధ్యలో ఉప్పు తక్కువైందని ఒక మాట అంటాను. అల్లుడన్నాక అనాలి. జలపతి పక్కన కూర్చుని కాపలా కాసేవాడు. "కన్ను మరిచినవ్ అన్నా, కన్ను" అని గుర్తుచేసేవాడు. అతనికి తలకాయంటే నాకన్నా ప్రాణం. అయినా ఏనాడూ అడగలేదు. పద్ధతి అంటే అది.

పోయిన మిరుగానికి ఆ చేప జలపతి పట్టాడు. ఒప్పుకుంటాను. చేతివల పెట్టి ఒడ్డుకు తెచ్చింది మాత్రం నేను. అందరం కూర్చున్నాం. మా అత్త గిన్నె తెచ్చి, తలకాయ తీసి జలపతి పళ్లెంలో వేసింది.

పెద్దమనిషి, కళ్లు ఆనలేదేమో అనుకున్నాను. "అత్తా, మరిచినవా?" అన్నాను నవ్వుతూనే.

"మరువలే కొడుకా. ఈయేడు చిన్నోనికి పెడుతున్న" అంది.

అంతే. ఎందుకో చెప్పలేదు. సత్యవ్వ తన పళ్లెంలోకి చూసుకుంటోంది. ఉమారాణి వంటింట్లోకి పోయింది. ఒక్కరు, ఒక్కరు కూడా "అదేందమ్మా" అనలేదు. నేను పళ్లెంలోనే చేయి కడుక్కుని లేచాను. జలపతి "అన్నా, ఆగు" అన్నాడు. ఆగడానికి నేనెవరిని? బస్టాండుకు నడిచి బస్సెక్కాను. సత్యవ్వ నాతో రాలేదు, మర్నాడు వచ్చింది. వచ్చి కూడా తల్లిని ఒక్క మాట అనలేదు.

చేప ముక్క కోసం అలిగాడంటారు. అననీ. కూలివాడైనా సేటైనా మనిషికి ఒక చోట ఒక పీట ఉంటుంది. నాకు ఉన్నది ఆ ఒక్కటి.

26 జనవరి, ఆదివారం

సత్యవ్వ మళ్లీ కోరుట్ల పోయింది. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులట. ఈ మధ్య ఆ మోకాళ్లు ప్రతి వారం నొస్తున్నాయి.

నేను తంగళ్ళపల్లి వైపు మానేరు నీళ్ల దగ్గరకు పోయాను. ఒక్కడినే. ఒక్కడే చేపలు పట్టడంలో ఉన్న సుఖం ఇన్నేళ్లూ తెలియలేదు. ఎవడూ వాగడు. మేతలో సోంపు కలపమని ఎవడూ ప్రాణం తీయడు. తవుడు, పల్లిచెక్క, బెల్లం, ఇవి చాలు చేపకు. జలపతి సోంపు కలిపేవాడు. "చేపకు పాన్ కడుతున్నవారా?" అని అడిగితే "తిన్నంక నోరు మంచిగుండాలె గదా" అనేవాడు.

ఒక మంచి రవ్వ ఒడ్డుదాకా వచ్చి తప్పించుకుంది. చేతివల పట్టేవాడు ఉంటే దొరికేది. లేకపోతేనేం.

2 ఫిబ్రవరి, ఆదివారం

ఈ ముచ్చట పోయినేడాది జనవరిది. రాయాలా వద్దా అని వారం చూశాను.

అంతకుముందు నెల జలపతి నాయిన పోయాడు. దినాలైపోయాక మొదటిసారి కాలువ దగ్గరకు వచ్చాడు. బెండు మునిగినా చూడటం లేదు. నాకు పాపమనిపించింది. అతను చూడకుండా నా గాలానికి మేత లేకుండా వేసి కూర్చున్నాను. ఆ రోజు గెలిచి కొంచెం నవ్వుతాడని. జలపతికి రెండు రవ్వలు పడ్డాయి. నాకేం పడుతుంది, ఉత్త కొక్కెం. "ఇయ్యాల నీ దినమురా" అన్నాను.

నా మొహం చూశాడు. లేచి వచ్చి నా గాలం కర్ర ఎత్తి దారం పైకి లాగాడు. ఉత్త కొక్కెం నీళ్లు కారుతూ వేలాడింది.

"నేను చేపలు పడ్తందుకు అచ్చిన అన్నా. నీ జాలి పడ్తందుకు రాలే."

రెండు రవ్వలనూ నీళ్లలోకి విసిరేశాడు. రెండు వారాలు ఫోన్ ఎత్తలేదు. మూడో వారం వచ్చి ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. కానీ అప్పటి నుంచి కాలువ దగ్గరకు రాగానే నా దారం ఎత్తి చూడటం ఒక అలవాటైంది. "మేత పెట్టినవా?" అనేవాడు, పోలీసులాగా. నాకు ఒళ్లు మండేది.

ఇదీ నాకు నచ్చిన ముచ్చటేనా? రాశాను కాబట్టి అయి ఉంటుంది.

16 ఫిబ్రవరి

మస్కట్‌లో సముద్రం పక్కనే ఉంటుందట. పెద్ద పెద్ద చేపలు పడుతున్నాడేమో. నాకెందుకు.

9 మార్చి, ఆదివారం

పోయిన మార్చిలో ఒక్క చేపా పడని రోజు కూడా నాకు నచ్చింది. ఎండ దంచింది, నీళ్లు కదలలేదు. మధ్యాహ్నం కథలాపూర్ నుంచి మిరపకాయ బజ్జీలు తెచ్చాను. జలపతి ఒకటి కొరికి పక్కన పెట్టాడు. మిగిలినవన్నీ నా వైపు జరిపాడు.

"ఏంరా, అలిగినవా?"

"బుగ్గల పుండైంది అన్నా, మంటయితుంది. గుట్క సుత బంద్ పెట్టిన."

"బతికిపోయినవ్" అన్నాను. చాలా సంతోషించాను. గుట్కా మానమని ఏళ్లుగా తిడుతున్నది నేనే. ఆ బజ్జీలన్నీ నేనే తిన్నాను. అతను నీళ్లు తాగి, ఒక పక్కకే నములుతూ బ్రెడ్డు ముక్క తిన్నాడు. ఖాళీ సంచితో పోతూ ఓడింది ఎవరని కొట్లాడుకున్నాం. చివరికి సగం దూరం నేను, సగం దూరం అతను తోలాం.

30 మార్చి, ఉగాది

సత్యవ్వ పొద్దున్నే జావ కాచింది. పలుచగా కాచి, మెత్తటి గుడ్డలో వడబోసి, సీసాలో పోసుకుని కోరుట్ల బయల్దేరింది. పండుగ పూట.

"మోకాళ్ల నొప్పికి జావ ఎందుకే?"

"పండ్లు సుత లెవ్వు మా అమ్మకు."

పచ్చడి గిన్నె ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఏమైందంటే వేపపువ్వు ఎక్కువైందంది. తినకముందే ఎట్లా తెలిసిందో. మా అత్తగారింట్లో ఏం జరిగినా నాకు ఎవరూ చెప్పరు. నేనూ అడగను. పీట తీసేసిన ఇంటి సంగతులు నాకెందుకు?

13 ఏప్రిల్, ఆదివారం

ఈ పేజీ రాస్తున్నాను. కోపంతో.

ఇన్ని నెలలయ్యాక ఈరోజు వరద కాలువకు పోదామనిపించింది. ఊరికే, నీళ్లెట్లా ఉన్నాయో చూద్దామని. కథలాపూర్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాను. అంజి ఆటో. మమ్మల్ని ఎన్నోసార్లు చూసినవాడే.

"ఏం పెద్దసారు, చాన దినాలకు? నిన్న మీ సడ్డకుడు సుత అచ్చి పొద్దంత కూసున్నడు."

"ఎవరు? జలపతా? ఆయన మస్కట్ల ఉండు."

"మస్కట్ ఏందే? వారంల రెండుమూడు సార్లు వంతెన కాడనే ఉంటుండు. మూతికి తువ్వాల కట్టుకొని కూసుంటడు, పలకరిస్తె మాట్లాడడు. మీ ఆదివారం ఒక్కటే రాడు."

వంతెన దగ్గర దిగలేదు. అదే ఆటోలో వెనక్కి వచ్చాను.

మస్కట్ అట, మస్కట్! నా మొహం చూడాల్సి వస్తుందని ఊళ్లోనే ఉండి మస్కట్ అన్నాడు. నేను వచ్చే ఆదివారం చూసుకుని మరీ తప్పించుకుంటున్నాడు. ఇంటిల్లిపాదీ కలిసి నన్ను పిచ్చివాడిని చేశారు. సత్యవ్వ కూడా.

14 ఏప్రిల్

సత్యవ్వకు చెప్పలేదు. చెబితే వాళ్లకు ఫోన్ పోతుంది. శనివారం పోయి పట్టుకుంటాను. ఏం అనాలో కూడా అనుకున్నాను.

20 ఏప్రిల్

నిన్న పోయాను. నిన్న రాయలేకపోయాను.

జలపతి మా చోటులోనే కూర్చున్నాడు, వంతెనకు ఎడమవైపు. మూతికి తువ్వాల, నెత్తికి టోపీ, ముందు గాలం. కొంచెం దూరంలో తుమ్మచెట్టు కింద ఉమారాణి సంచి పెట్టుకుని కూర్చుంది. నేను వెనక నుంచి పోయాను. అనుకున్న మాటే అన్నాను.

"తమ్మీ, మస్కట్ల ఎండలు ఎట్లున్నయి?"

తిరగలేదు. వీపు మాత్రం బిగుసుకుంది.

"నిన్నే. పెద్దల్లుడు అచ్చి నిలవడ్డడు. ఎన్కకు మర్రి సుత చూడవా? తలకాయ తిన్నోనివి, గింత సిగ్గన్న..."

"బావా, ఒద్దు బావా" అంటూ ఉమారాణి పరుగెత్తుకొచ్చింది. అంతలో జలపతి తిరిగాడు. తువ్వాల విప్పాడు.

ఎడమవైపు దవడ లేదు. ఉండవలసిన చోట చర్మం లోపలికి ముడుచుకుపోయి ఉంది. ముక్కులోంచి ఒక పైపు వచ్చి చెంపకు ప్లాస్టర్‌తో అంటించి ఉంది. మెడ నల్లగా కమిలిపోయింది. కళ్లు మాత్రం జలపతివే. నా నోట్లో ఇంకా సగం మాట మిగిలి ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియలేదు.

ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు.

"బస్సు దొరికిందా అని అడుగుతుండు బావా" అంది ఉమారాణి.

దొరికిందని చెప్పాను.

అతను మళ్లీ బెండు వైపు తిరిగి కూర్చున్నాడు. ఉమారాణి నన్ను తుమ్మచెట్టు దగ్గరకు తీసుకుపోయి అన్నీ చెప్పింది. ఆ బుగ్గలో పుండే. పోయిన మేలో ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్ అన్నారు. మిరుగం అయిన వారానికి హైదరాబాదులో ఆపరేషన్. దవడ, సగం నాలుక తీసేస్తారని ముందే చెప్పారు.

"ఇగ నమిలి తినుడు ఉండదన్నరు బావా. అందుకే అమ్మ గా తలకాయ ఆయనకు పెట్టింది. ఆయన అడుగలే. అమ్మనే పెట్టింది."

"నాకు ఒక్క మాట చెప్తె అయిపోవు గదా? నేనే నా చేత్తోని పెడుదును గదా?"

"గందుకే చెప్పద్దన్నడు. అందరితోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. అన్నకు తెలిస్తే గాలానికి మేత పెట్టడు, నాకు గెలుపు దానమిస్తడు, గది నాకద్దు అన్నడు. నువ్వు కోపంగ పోయినంక సుత, పోనీ, గట్లనే ఉండనీ, కోపముంటెనే అన్న మంచిగుంటడు అన్నడు. మస్కట్ మాట సుత ఆయనదే."

నేను తుమ్మచెట్టు మొదలుకు ఆనుకున్నాను. ఆమే మళ్లీ అంది.

"ఆ తలకాయ ఎవ్వరు తినలే బావా. నువ్వు లేసిపోయినంక ఆయన సుత లేసిండు. అన్న తిననిది నాకెందుకన్నడు. అమ్మ ఏడ్సుకుంట కుక్కకేసింది."

21 ఏప్రిల్

"నీకు ఎర్కేనా?"

"ఎర్కే."

"ఇన్ని నెలలు నా పక్కన పండుకొని?"

సత్యవ్వ చీపురు పక్కన పెట్టింది. "ఒట్టు పెట్టిచ్చుకున్నరు. ఏం చెయ్యాలె? నువ్వన్న ఒక్కనాడు అడిగినవా? మీ చెల్లె మంచిగున్నదా, మరిది ఎట్లున్నడు అని? అడిగితే ఒట్టు లేదు గిట్టు లేదు, చెప్పేస్తననుకున్న. దినాం ఎదురుచూసిన, నువ్వు అడుగుతవని."

దీనికి నా దగ్గర జవాబు ఉంది. తర్వాత రాస్తాను.

27 ఏప్రిల్, ఆదివారం

పోయాను. జలపతి వచ్చాడు. ఇప్పుడు ఆదివారం తప్పించుకోవలసిన పని లేదు కదా.

కూర్చోకముందే నా దారం ఎత్తి కొక్కెం చూశాడు. మేత ఉంది. వేలితో నొక్కి కూడా చూశాడు. తల ఊపి కూర్చున్నాడు. నాకు ఏడుపు రావాలి. రాలేదు, కోపం వచ్చింది. మనిషిని ఏమనుకున్నాడు? నేను జాలిపడతానని నా నుంచి ఇన్ని ఆదివారాలు ఎత్తుకుపోయాడు. నన్ను మొండివాడిగా, తలకాయ కోసం అలిగినవాడిగా నిలబెట్టి, తాను కోతలు పెట్టించుకుని పైపులు పెట్టించుకుని వచ్చాడు. అందరూ అతని మంచం చుట్టూ ఉన్నప్పుడు నేను మానేరు ఒడ్డున కూర్చుని ఒంటరి సుఖం అనుభవిస్తున్నాను! అదీ ఈ డైరీలోనే రాసుకున్నాను.

ఈ మాటలన్నీ అతనితో అనలేదు. కోపముంటేనే బాగుంటానన్నాడు కాబట్టి మొహం మాడ్చుకునే కూర్చున్నాను. నాకు బంగారుతీగ పడింది, అతనికి ఏమీ లేదు. వెనక సీటు నాది. ఉమారాణి అంజి ఆటోలో వెనకే వచ్చింది. జలపతి బండి నిదానంగా తోలాడు. అంగీ కింద వీపు ఎముకలు కనిపిస్తున్నాయి. పట్టుకోవడానికి భయమేసి సీటు కమ్మీ పట్టుకున్నాను.

11 మే, ఆదివారం

నిన్న జగిత్యాల ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. మెడలో మళ్లీ వచ్చింది. మళ్లీ కోయడం కుదరదని డాక్టరు బయటికి పిలిచి నాకు చెప్పాడు. పెద్దవాడినని నాకు చెప్పాడు. చూడు, పెద్దరికం ఎక్కడ దొరికిందో.

బయటికి వచ్చాక జలపతి చేయి పట్టుకుని గాలాల దుకాణానికి లాక్కుపోయాడు. పెద్ద కొక్కేలు ఒక్కొక్కటీ వేలి మీద మొన చూసి ఏరాడు. ఇన్ని ఎందుకని దుకాణం అతను అడిగాడు. జలపతి ఫోన్‌లో టైపు చేసి చూపించాడు. "మిరుగం అస్తుంది గదా."

25 మే

సత్యవ్వకు చెప్పాల్సిన జవాబు కోసం ఈ డైరీ అంతా తిరగేశాను. దొరకలేదు.

8 జూన్, ఆదివారం. మిరుగం

రాత్రి కోరుట్లలోనే పడుకుని, జలపతిని అంజి ఆటోలో ఎక్కించి, అతని బండి నేను తోలుకుని తెల్లవారుతుండగానే కాలువ దగ్గర ఉన్నాం. మబ్బు పట్టింది, నీళ్లు కదులుతున్నాయి. జలపతి ఈ రెండు వారాల్లో ఇంకా తగ్గిపోయాడు. అంజి, నేను చెరో పక్కన పట్టుకుని ఒడ్డుకు దించాం. కూర్చోగానే చేయి చాపాడు. నా దారం పైకి తీసి చూపించాను. చూశాడు. అప్పుడు తన గాలం వేశాడు.

ఇది ఎవరికీ చెప్పను. మేత పెట్టేటప్పుడు చేయి ఆగింది. కొక్కెం ఉత్తగా వేసి, అతను చూసే వేళకు ఏదో సర్దవచ్చు. ఈ ఒక్కరోజు అతని చేప పెద్దది కావాలని నాకు అంతగా ఉంది. కానీ పెట్టాను. సోంపు కూడా కలిపి, గట్టిగా ఒత్తి పెట్టాను.

ఎండ పైకి వచ్చాక నా బెండు మునిగింది. బొచ్చె. తెలుస్తోంది, దారం బరువు చెబుతుంది. ఎప్పటిలాగే స్తంభం వైపు పరుగెత్తింది. జలపతి లేవబోయాడు, లేవలేక మళ్లీ కూలబడ్డాడు. గొంతులోంచి ఏదో శబ్దం చేస్తున్నాడు. ఇడువకు, గుంజకు, ఇడువకు. మాట కాదు, అయినా అదే. ఈసారి దూకింది అంజి. చేప ఒడ్డుకు వచ్చింది. పోయిన మిరుగం చేపకన్నా పెద్దది.

జలపతి చేపను చేత్తో తడిమాడు. తల దగ్గర జానలు వేసి కొలిచాడు. తర్వాత బండి తాళం కోసం చేయి చాపాడు. ఓడినవాడు తోలాలి కదా. ఇద్దరం ఆ బండి మీద చావాల్సిందే అనుకున్నాను. ఇచ్చాను. వాడు ముందు, నేను వెనక. ఈసారి సీటు కమ్మీ పట్టుకోలేదు, రెండు చేతులతో అతన్నే పట్టుకున్నాను. కనబడకుండా నేను కాళ్లు రోడ్డు మీద ఈడుస్తూ బండి పడకుండా కాశాను. ఊరు మొదట్లోకి వచ్చాక తనే ఆపి తాళం నా చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. జలపతి గోడకు ఆనుకుని నా పక్కనే. మా అత్త గిన్నె తెచ్చింది. గరిట చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. నన్ను చూస్తుంది, అతన్ని చూస్తుంది. "ఏం చెయ్యాలె కొడుకా" అంది, ఎవరితోనో తెలియదు.

జలపతి ఆమె చేతిలోంచి గరిట తీసుకున్నాడు. గరిట ఒరిగి పులుసు చాప మీద పడింది. తలకాయ నా పళ్లెంలో పెట్టాడు. తర్వాత గోడకు ఆనుకుని, ప్రతి ఏడూ చూసినట్టే చూస్తూ కూర్చున్నాడు.

నేను తినలేననుకున్నాను. అతని కళ్లు చూసి తిన్నాను. బుగ్గల కండ ముందు, తర్వాత పెదాలు. జుర్రుకునేటప్పుడు శబ్దం వస్తుందని భయపడ్డాను, కానీ చప్పుడు చేస్తూనే జుర్రాను. ఉమారాణి అతని ముక్కు పైపులో సత్యవ్వ కాచిన జావ పోస్తోంది. అతని గొంతు కదలదు, జావ పోతూనే ఉంటుంది. నా నోట్లో పులుసు ఏ రుచో తెలియలేదు. అయినా "ఉప్పు తక్కువైంది అత్తా" అన్నాను.

మా అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. జలపతి మిగిలిన సగం మూతితో నవ్వాడు. వేలు చాపి నా పళ్లెం చూపించాడు.

కన్ను మరిచిపోయాను. తీసి తిన్నాను.

15 జూన్, ఆదివారం

జలపతి రాలేదు. మంచం దిగలేకపోతున్నాడట. నేను కోరుట్ల పోయి ఊరికే పక్కన కూర్చున్నాను. పొమ్మని చేత్తో సైగ చేశాడు. కాలువ వైపు.

22 జూన్, ఆదివారం

ఈరోజు పోయాను. ఒక్కడినే. గాలం వేసి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. తీసేసిన నంబరు నుంచి పేరు లేకుండా మెసేజ్ వచ్చింది. రెండే మాటలు.

"మేత పెట్టినవా?"

దారం పైకి తీసి, కొక్కేనికి ఉన్న మేతను ఫోటో తీసి పంపాను. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి. కొద్దిసేపటికి ఇంకో మాట వచ్చింది, దగ్గర నుంచి తీసి పంపమని.

ఇంతా అయ్యాక కూడా నన్ను నమ్మడు. దగ్గర నుంచి తీసి పంపాను.